బరి ప్రశ్నలు: ఒలివేరా బరువు, పట్టు, ఓటములు

పోయిన నెల బ్రెజిల్ ఫైటర్ చార్లెస్ ఒలివేరా గురించి చిన్న పరిచయం వేశాం. 2021లో యూఎఫ్‌సీ (గుద్దులు, తన్నులు, పట్లు అన్నీ కలిసిన ఎంఎంఏ ఆటలో పోటీలు నడిపే అమెరికా సంస్థ) లైట్‌వెయిట్ చాంపియన్ అయ్యాడని, ప్రత్యర్థి చేత ట్యాప్ చేయించి (ఓటమి ఒప్పుకుంటూ చేత్తో తట్టేలా చేసి) గెలవడంలో ఆ సంస్థలో రికార్డు అతనిదేనని రాశాం. దాని మీద ఉమ్మడి వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి కుప్పలుగా ప్రశ్నలు వచ్చాయి. ఒకే తీరువి కలిపేసి, మిగిలినవాటికి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: ఒలివేరా బెల్టు గెలిచేనాటికే ఎనిమిది ఓటములు ఉన్నయి. బాక్సింగ్‌ల ఒక్కటి ఓడితేనే పని అయిపోయిందంటరు. ఇన్ని ఓడినోనికి టైటిల్ ఫైట్ ఎట్ల ఇచ్చిండ్రు?
– డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: ఆ ఎనిమిది ఓటములు ఏ బరువులో వచ్చాయో విడదీసి చూడు తమ్ముడూ, సగం జవాబు అక్కడే దొరుకుతుంది. జిమ్ మిల్లర్, డోనాల్డ్ సెరోనీ, పాల్ ఫెల్డర్ చేతుల్లో ఓడింది లైట్‌వెయిట్‌లో, అంటే 155 పౌండ్లు, 70.3 కిలోలు. కబ్ స్వాన్సన్, ఫ్రాంకీ ఎడ్గర్, మాక్స్ హాలోవే, ఆంథొనీ పెటిస్, రికార్డో లామస్ చేతుల్లో ఓడింది ఫెదర్‌వెయిట్‌లో, అంటే 145 పౌండ్లు, 65.8 కిలోలు. ఎనిమిదిలో అయిదు కింది బరువులోవే. మనిషి ఎత్తు 178 సెంటీమీటర్లు, ఎముక పొడుగు. ఆ ఒడ్డూ పొడవుకు 65.8 కిలోలు అంటే పోటీకి ముందే ఒంట్లో ఉన్న సత్తువ సగం పిండేసుకోవడమే. ఫెదర్‌వెయిట్‌లో నాలుగుసార్లు తూకమే తప్పాడు. 2016 నవంబర్‌లో మెక్సికో సిటీలో లామస్‌తో పోటీకి ఒక పౌండు సడలింపుతో 146 పౌండ్లు చూపాల్సినచోట 155 చూపాడు. అది పొరపాటున జరిగేంత తేడా కాదు, ఒళ్లు ఇక దిగనని మొరాయించడమే.

అలాగని నెపమంతా బరువు మీదికే నెట్టేస్తే తప్పవుతుంది. ఆ బరువులోనే 2014, 2015లలో వరుసగా నాలుగు గెలిచాడు కూడా. అసలు లోపం ఆటలో ఉండేది. 2010 ఆగస్టులో ఇరవై ఏళ్ల కుర్రాడిగా యూఎఫ్‌సీలో అడుగుపెట్టి డారెన్ ఎల్కిన్స్‌ను 41 సెకన్లలో ట్యాప్ చేయించాడు. ఆ ఊపులో ప్రతి పోటీ అలాగే తేలిపోవాలన్నట్టు, స్థానం కుదరకముందే పట్టు కోసం ఎగబడేవాడు. పట్టు జారితే తాను కింద, ప్రత్యర్థి పైన. 2017 డిసెంబర్‌లో ఫెల్డర్ చేతిలో ఓడిన తీరు ఇదే: మొదట్లో పట్టు కోసం ప్రయత్నాలు, అవి ఫలించకపోయేసరికి రెండో రౌండ్‌లో పైనుంచి మోచేతి దెబ్బలు. దెబ్బ తగిలితే చేతులెత్తేస్తాడన్న పేరు అప్పటికే స్థిరపడింది. నిజానికి అతనికి కరువైంది ధైర్యం కాదు, నిలబడి ఆడే ఆట.

సావ్ పావ్లోలో డియెగో లిమా నడిపే షూట్ బాక్సీ జిమ్‌లో ముయ్ థాయ్ (థాయ్‌లాండ్ బాక్సింగ్) కుదిరాక లెక్క మారింది. మోకాలి దెబ్బ, ముందుకు తన్నే కాలు, ఎప్పుడూ ఎదుటివాడి మీదికే నడక. కింద పడితే తనకే లాభం అనుకునేవాడికి నిలబడి కొట్టడంలో జంకుండదు. అవతలివాడేమో కింద పడేయాలంటేనే భయపడతాడు. 2018 జూన్‌లో క్లే గైడాతో మొదలుపెట్టి వరుసగా పదకొండు గెలిచాడు. అందులో 2020 మార్చిలో కెవిన్ లీ, అదే డిసెంబర్‌లో టోనీ ఫెర్గూసన్ ఉన్నారు. హబీబ్ నూర్మగొమెదోవ్ రిటైరై ఖాళీ చేసిన బెల్టు కోసం 2021 మే 15న హ్యూస్టన్‌లో మైకేల్ చాండ్లర్‌తో తలపడ్డాడు. మొదటి రౌండ్‌లో తూలిపోయేంత దెబ్బలు తిని, రెండో రౌండ్ 19వ సెకనులో ఆపించాడు. యూఎఫ్‌సీలో అది అతని 28వ పోటీ. అన్ని పోటీల తర్వాత మొదటి బెల్టు అందుకున్నవాడు అంతకుముందు ఎవరూ లేరు.

ఇక బాక్సింగ్ సంగతి. అక్కడ మొదటి ఇరవై పోటీలకు ప్రత్యర్థిని ఎక్కువగా ఫైటర్ తరఫువాళ్లే ఏరుకుంటారు, అందుకే రికార్డులు అంత తెల్లగా ఉంటాయి. యూఎఫ్‌సీలో జత కట్టేది సంస్థ. ఓటమి అక్కడ మామూలు విషయం, ఎవరి మీద ఓడావన్నదే చూస్తారు.

ప్రశ్న: 2022లో జస్టిన్ గేచీని మొదటి రౌండ్‌లోనే ఓడించినా ఒలివేరాకు బెల్టు ఎందుకు దక్కలేదు? అర పౌండు కోసం ఇంత గొడవా?
– రైల్వే ఉద్యోగి, కాజీపేట

జవాబు: గొడవే మరి. మామూలు పోటీకి నిర్ణీత బరువు మీద ఒక పౌండు, అంటే సుమారు 450 గ్రాములు, సడలింపు ఉంటుంది. టైటిల్ పోటీకి ఆ సడలింపు ఉండదు. 2022 మే 6న ఫీనిక్స్‌లో ఒలివేరా 155.5 పౌండ్లు తూగాడు. గంట గడువు ఇచ్చారు. మళ్లీ తూగితే మళ్లీ 155.5. ఎక్కువైంది 227 గ్రాములు, ఓ చిన్న గ్లాసుడు నీళ్లు. దాంతో మర్నాడు పోటీ మొదలయ్యేసరికి బెల్టు ఖాళీ. గేచీ గెలిస్తే గేచీది, ఒలివేరా గెలిస్తే ఎవరిదీ కాదు. ఒలివేరా ఓసారి కింద పడి లేచి, 3 నిమిషాల 22 సెకన్లకు వెనక నుంచి మెడ పట్టి ముగించాడు. ఖాళీ బెల్టు కోసం ఆ అక్టోబర్ 22న అబుదాబిలో ఇస్లాం మఖచెవ్‌తో తలపడి, రెండో రౌండ్‌లో భుజం, మెడ కలిపి బిగించే పట్టుకు చిక్కి ఓడాడు. ఒక్క తూకం దగ్గర జారిన బెల్టు అలా పూర్తిగా చేజారింది.

మనకు ఇది కొత్త బాధ కాదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫొగాట్‌ను 50 కిలోల ఫైనల్ నాటి ఉదయం 100 గ్రాముల కోసం పక్కన పెట్టారు. ఒలింపిక్ కుస్తీలో అసలు సడలింపే లేదు.

ఫీనిక్స్‌లో ఫైటర్ల కోసం తెరవెనక ఉంచిన తూకం యంత్రం తేడా చూపిందని అప్పట్లో చాలామంది అన్నారు. నిజమైనా కాకపోయినా, మీ పిల్లలు పోటీలకు వెళ్తుంటే ఇంటి యంత్రాన్ని పరీక్షించుకోవడం మంచిది. గచ్చు నేల మీద, నాలుగు కాళ్లూ సమంగా ఆనేలా పెట్టాలి. మ్యాట్ మీద, చాప మీద పెడితే తప్పు చూపుతుంది. ఊరికే నిలబడి ఒకసారి చూసుకుని, తూనికల శాఖ ముద్ర ఉన్న 5 కిలోల రాయి చేత పట్టుకుని మళ్లీ చూడాలి. తేడా సరిగ్గా 5 కిలోలు రావాలి. 4.7 వచ్చినా, 5.2 వచ్చినా ఆ యంత్రాన్ని నమ్మొద్దు. బ్యాటరీ నీరసించినా అంకెలు తప్పుతాయి.

ప్రశ్న: అన్నా, నేను కుస్తీ ఆడుత. తూకానికి ఇంక రెండు రోజులే ఉంది, నాలుగు కిలోలు ఎక్కువున్న. ఎండల రెయిన్‌కోటు ఏసుకుని ఉరుకు, ఉమ్ముకుంట ఉండు, నీళ్లు ముట్టకు అంటున్నరు. ఫైటర్లు గిట్లనే చేస్తరట గదా?
– ఇంటర్ విద్యార్థి, కరీంనగర్

జవాబు: చేయొద్దు తమ్ముడూ. ఈసారి పై బరువులో ఆడు, లేదంటే ఈ పోటీ వదిలేయ్.

ఎందుకో చెప్తాం. చెమట ఆరితేనే ఒంటి వేడి తగ్గుతుంది. ప్లాస్టిక్ లోపల చెమట ఆరదు, కారుతుందంతే. రామగుండం, కరీంనగర్ వైపు మే నెలలో నీడలోనే 44 డిగ్రీలు దాటుతుంది. నీళ్లు తాగని ఒంటితో ఆ ఎండలో ఉరికితే లోపలి వేడి 40 డిగ్రీలకు చేరడానికి ఎంతోసేపు పట్టదు. అక్కడి నుంచి వడదెబ్బే. మాట తడబడటం, చెమట ఆగిపోవడం, కాళ్లు పట్టేయడం కనిపిస్తే అప్పటికే ఆలస్యం. 1997లో అమెరికాలో కొద్ది వారాల తేడాలో ముగ్గురు కాలేజీ కుస్తీ ఆటగాళ్లు ఇలా బరువు దించుకుంటూనే చనిపోయారు. ఆ తర్వాత అక్కడి కాలేజీ కుస్తీలో రబ్బరు సూట్లు, ఆవిరి గదులు నిషేధించారు. 2013లో బ్రెజిల్‌లోనే లియాండ్రో సౌజా అనే 26 ఏళ్ల ఫైటర్ తూకం ముందు కుప్పకూలి మళ్లీ లేవలేదు. 2015లో చైనా ఫైటర్ యాంగ్ జియాన్ బింగ్ కూడా ఇలాగే పోయాక వన్ చాంపియన్‌షిప్ సంస్థ తూకంతోపాటు మూత్రం పరీక్ష కూడా పెట్టి, ఒళ్లు ఎండిపోయి వచ్చినవాణ్ని ఆడనివ్వడం మానేసింది.

ఇంకో సంగతి. యూఎఫ్‌సీలో తూకం పోటీకి ముందురోజు పొద్దున జరుగుతుంది, ఒళ్లు తేరుకోవడానికి ఇంచుమించు ఒకటిన్నర రోజు దొరుకుతుంది. పక్కన డాక్టరు, వంటమనిషి, కోచ్ ఉంటారు. అన్నీ ఉన్న ఒలివేరాయే అయిదుసార్లు తప్పాడు. కుస్తీలో తూకం పోటీ రోజు ఉదయమే. పొద్దున ఎండిపోయిన ఒంటితో తూగి మధ్యాహ్నానికల్లా పట్టు పట్టాలంటే కాళ్లలో బలం ఉండదు. మెదడు చుట్టూ ఉండే ద్రవం కూడా తగ్గుతుందని, అప్పుడు తలకు తగిలే దెబ్బ మరింత చేటు చేస్తుందని వైద్యులు హెచ్చరిస్తుంటారు.

నాలుగు కిలోలు దిగాలంటే వారానికి అర కిలో చొప్పున ఎనిమిది వారాలు పట్టుకో. రాత్రిపూట అన్నం తీసేసి రెండు జొన్నరొట్టెలు, కూర, పెరుగు. పొద్దున, మధ్యాహ్నం అన్నం ఉండనీ, ప్రాక్టీస్‌కు బలం కావాలి. కండ కరగకుండా ఉండాలంటే ఒంటి బరువులో ప్రతి కిలోకు రోజుకు 1.6 నుంచి 2 గ్రాముల మాంసకృత్తులు తినాలి. 65 కిలోలవాడికి 105 నుంచి 130 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాములు, వండిన కోడిమాంసం 100 గ్రాముల్లో 27 దాకా, ఉడికిన పప్పు ఒక కప్పులో 14 నుంచి 18. కూల్‌డ్రింకులు, బేకరీ పఫ్‌లు, సాయంత్రం మిర్చీబజ్జీలు మానేస్తేనే మొదటి కిలో కనిపించకుండా పోతుంది. చివరి రెండు రోజులు తొక్కులు, అప్పడాలు పక్కన పెట్టు, ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది. కూరలో ఉప్పు మాత్రం పూర్తిగా మానొద్దు. తూకం ముందురోజుకు అర కిలోకు మించి ఎక్కువ ఉండకూడదు. అంతకంటే ఎక్కువుంటే లెక్క ముందెక్కడో తప్పినట్టు.

తూగాక తగ్గిన ప్రతి కిలోకు లీటరున్నర ద్రవం తిరిగి పోవాలి. ఓఆర్ఎస్ పొట్లం ఒకటి లీటరు నీళ్లలో కలిపి, ఒక్కసారి గటగటా కాకుండా పావుగంటకో గ్లాసు చొప్పున తాగాలి. 18 ఏళ్లలోపు పిల్లలకు ఈ ఎండగట్టే పనులేవీ అసలు వద్దు. వయసు పెరుగుతుంటే బరువు పెరుగుతుంది, దానికి తగ్గ వర్గంలో ఆడటమే.

ప్రశ్న: ఒలివేరా వేసే వెనక మెడ పట్టు మేం ప్రాక్టీస్‌లో వేస్తుంటే ఎదుటివాడు దవడ నొప్పి అంటాడే తప్ప ట్యాప్ చేయడు. తప్పు ఎక్కడ?
– జుజుత్సు నేర్చుకునే యువకుడు, నిజామాబాద్

జవాబు: దవడ నొప్పి అన్నాడంటే మీ ముంజేయి గడ్డం మీద ఉంది, కింద లేదు. ఈ పట్టు గొంతు నొక్కేది కాదు. మెడకు రెండు పక్కలా మెదడుకు నెత్తురు తీసుకెళ్లే నాళాలను ఒకేసారి మూసేది. సరిగ్గా కుదిరితే పది సెకన్ల లోపే స్పృహ పోతుంది, అంత నొప్పి కూడా ఉండదు.

ముందు వీపు దక్కాలి, మెడ తర్వాత. ఒక చెయ్యి అతని భుజం మీదుగా, రెండోది చంక కిందుగా పోనిచ్చి, అతని ఛాతీ మీద రెండు చేతులూ కలపండి, కారు సీటు బెల్టు అడ్డంగా పోయినట్టు. మీ ఛాతీకి, అతని వీపుకు మధ్య సందు ఉండకూడదు. మడమలు అతని తొడల లోపలికి కొక్కేల్లా వేయండి. మడమలు రెండూ అతని ముందు మెలిక వేస్తే అదే మీ మీదికి పాదం పట్టు అవుతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే. ఒలివేరాకు కాళ్లు పొడుగు కాబట్టి ఒక కాలితో నడుము చుట్టి రెండో మోకాలి మడతలో బిగిస్తాడు. కాళ్లు పొట్టివాళ్లకు అది కుదరదు, ప్రయత్నించి వీపు వదులుకోవద్దు.

పక్కకు ఒరగాల్సి వస్తే భుజం మీదుగా వెళ్లిన చెయ్యి ఉన్నవైపే ఒరగండి. చంక కింద చెయ్యి ఉన్నవైపు ఒరిగితే అతను వీపు నేలకు ఆనించి జారిపోతాడు.

ఇప్పుడు మెడ. భుజం మీది చేతిని మెడ చుట్టూ తిప్పి, మోచేతి మడత సరిగ్గా కంఠం ముందుకు, గడ్డం కిందికి రావాలి. ఆ మడతలో కంఠానికి కొద్దిగా ఖాళీ ఉంటుంది, కండ ఒకవైపు, ముంజేయి ఇంకోవైపు నొక్కుతాయి. ఆ అరచేతిని మీ రెండో చేతి కండ మీద పెట్టండి. రెండో చేతిని అతని తల వెనక్కి, వీలైతే అరచేయి కాకుండా చేతి వెనకభాగం అతని తలకు ఆనేలా, దాచండి. వేళ్లు పైకి కనిపిస్తే అతను వాటిని పట్టి పీకేస్తాడు. తర్వాత చేతులతో నొక్కడం కాదు. మోచేతులు దగ్గరికి లాగి, ఛాతీ నిండా గాలి పీల్చి, భుజాలు వెనక్కి. బలమంతా వీపు నుంచి రావాలి. చేతులతోనే నొక్కితే ఇరవై సెకన్లలో ముంజేతులు మండిపోతాయి, ఉడుంపట్టు కాస్తా వదులవుతుంది.

గడ్డం దించుకున్నవాడి దవడ మీద అలాగే నొక్కడం చాలామంది చేస్తారు. ఓపిక ఉన్నవాడు ఒక చెయ్యి ఊరికే బెదిరింపుగా కదిలిస్తాడు, అతను దాన్ని ఆపడానికి తల పక్కకు తిప్పుతాడు, గడ్డం లేస్తుంది, అప్పుడు అసలు చెయ్యి దూరుతుంది. 2021 డిసెంబర్ 11న డస్టిన్ పోరియేతో మూడో రౌండ్ చూడండి. ఇద్దరూ నిలబడే ఉన్నారు. ఒలివేరా వీపు ఎక్కాడు, కాళ్లు నడుముకు చుట్టుకున్నాయి, పోరియే ఒంటి మీద ఇంకో మనిషి బరువు. పోరియే రెండు చేతులూ ఒలివేరా చేతిని ఆపుతుండగా మోచెయ్యి కొద్దికొద్దిగా లోపలికి జరుగుతూ వచ్చింది. 1 నిమిషం 2 సెకన్ల దగ్గర ట్యాప్. తొందరపాటు ఎక్కడా లేదు. 2010 నాటి కుర్రాడికి, ఈ చాంపియన్‌కు మధ్య తేడా అంతా ఆ నిమిషంలో ఉంది.

ప్రాక్టీస్ నియమాలు గట్టిగా పాటించండి. రెండుసార్లు తట్టినా, నోటితో అన్నా, కాలితో నేల తట్టినా వెంటనే వదలాలి. ఎదుటివాడి చేతులు వదులైతే ట్యాప్ కోసం చూడొద్దు, వదిలేయండి. స్పృహ తప్పితే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తాలి, నోట్లో నీళ్లు పోయొద్దు, మొహం మీద కొట్టొద్దు. మామూలుగా కొద్ది సెకన్లలోనే లేస్తాడు. అర నిమిషం దాటినా లేవకపోతే 108కి ఫోన్ చేయాలి, శ్వాస చూస్తూ ఉండాలి. లేచినా ఆ రోజుకు అతని ప్రాక్టీస్ అయిపోయినట్టే. పిల్లలకు మెడ పట్లు నేర్పొద్దు.

ప్రశ్న: ఇప్పటిదాకా ఎన్నిసార్లు ట్యాప్ చేయించాడు? అన్నీ మెడ పట్లేనా?
– కిరాణా వ్యాపారి, జనగామ

జవాబు: 2025 అక్టోబర్ 11న రియోలో మతెవుష్ గామ్రాట్‌ను రెండో రౌండ్‌లో పట్టింది యూఎఫ్‌సీలో పదిహేడోది. ఎక్కువ మెడ పట్లే, గిలెటిన్ అనే ముందువైపు పట్టు కూడా అందులో ఉంది. వింతది ఒకటుంది: 2012 జనవరిలో ఎరిక్ వైజ్లీ మీద వేసిన పిక్క పట్టు. మోకాలి మడతలో తన కాలి ఎముక ఇరికించి పాదాన్ని వెనక్కి లాగితే పిక్క కండ ఎముకకూ ఎముకకూ మధ్య నలుగుతుంది. యూఎఫ్‌సీలో ఆ పట్టుతో ముగిసిన మొదటి పోటీ అదే.

ప్రశ్న: 2024 ఏప్రిల్‌లో ఆర్మన్ సరుక్యాన్‌తో పోటీలో మొదటి రౌండ్‌లోనే గిలెటిన్ దాదాపు పడింది కదా. అయినా సరుక్యాన్ గెలిచాడని ఎట్లన్నరు?
– పీఈటీ ఉపాధ్యాయుడు, మహబూబాబాద్

జవాబు: మార్కులు పోటీ మొత్తానికి కాదు సార్, రౌండు రౌండుకూ వేరు. రౌండ్ గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9. బాగా ఏకపక్షమైతే 8. మొదట చూసేది దెబ్బల, పట్ల ప్రభావం. అందులో ఇద్దరూ సమానమనిపిస్తేనే దూకుడు చూస్తారు. అదీ సమానమైతే బరి మీద అదుపు. ఊరికే కింద పడేసి పట్టుకుని కూర్చుంటే పెద్దగా మార్కులు రావు, పడేశాక ఏం చేశాడన్నదే లెక్క.

గిలెటిన్ దాదాపు పడితే అది ఆ రౌండ్‌కే లాభం. పట్టు విడిపించుకున్నవాడు పైన ఉండి మోచేతులతో కొడితే ఆ రౌండ్‌లోనే తూకం మళ్లీ అటు మొగ్గుతుంది. మిగిలిన రౌండ్లలో ఒలివేరా వీపు నేల మీద, సరుక్యాన్ పైన గడిపిన సమయం ఎక్కువ. ఇద్దరు జడ్జీలు అటు, ఒకరు ఇటు ఇచ్చారు. మా దృష్టిలో ఇది దొంగ తీర్పు కాదు. దగ్గరి పోటీ, అటూ ఇటూ కావచ్చు. ఫెర్గూసన్ పోటీ దీనికి పూర్తిగా తిరగబడింది: మొదటి రౌండ్ చివర ఒలివేరా వేసిన చేతి పట్టుకు ఫెర్గూసన్ చెయ్యి విరిగేదాకా వచ్చి గంట మోగింది, ఫెర్గూసన్ ట్యాప్ చేయలేదు. అయినా ముగ్గురు జడ్జీలూ 30-26 అన్నారు, ఎందుకంటే తర్వాతి రెండు రౌండ్లు కూడా ఒలివేరా పైనే ఉన్నాడు.

ప్రశ్న: సార్, ఒలివేరాకు చిన్నప్పుడు గుండెజబ్బు ఉండెనట. మా బాబుకు పన్నెండేండ్లు. పోయినేడు కీళ్లవాపు జ్వరం వచ్చింది. వాడు జూడో నేర్చుకుంటనని ఒకటే గోల. పంపొచ్చా?
– గృహిణి, హుజూరాబాద్

జవాబు: ఒలివేరాకు ఏడేళ్లప్పుడు కీళ్లవాత జ్వరం, గుండెలో మర్మర శబ్దం ఉన్నాయని తేలింది. నడవడమే కష్టమని, ఆటలు వద్దని అప్పటి మాట. పన్నెండేళ్లకు జుజుత్సు మొదలుపెట్టాడు. అతని కథ విని ధైర్యం తెచ్చుకోండమ్మా, కానీ అతని కథ విని నిర్ణయం తీసుకోవద్దు.

ఈ జ్వరం గొంతునొప్పి తెచ్చే ఒక బ్యాక్టీరియా తర్వాత వస్తుంది. కీళ్ల వాపు తగ్గిపోతుంది, గుండె కవాటాలకు దెబ్బ తగిలితే అది మిగిలిపోవచ్చు. బయటికి బాబు బాగానే కనిపిస్తాడు. అందుకే ముందు ఎకో పరీక్ష, వరంగల్ ఎంజీఎంలోనో మీకు దగ్గర్లోని గుండె డాక్టరు దగ్గరో. కవాటాలు బాగుంటే డాక్టరు రాసిచ్చాక పంపొచ్చు. కవాటం బాగా కారుతున్నా, బిగుసుకున్నా పోటీ ఆటలు వద్దంటారు. కవాటం మార్చి నెత్తురు పలచన చేసే మందులు వాడేవాళ్లకు పట్టు ఆటలు, గుద్దు ఆటలు పూర్తిగా బంద్. లోపల నెత్తురు కారితే ఆగదు.

రెండోది ఇంకా ముఖ్యం. మళ్లీ జ్వరం రాకుండా మూడు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ సూది ఇస్తారు. గుండెకు ఏమీ కాకపోయినా కనీసం అయిదేళ్లు లేదా 21 ఏళ్లు వచ్చేదాకా, రెండింటిలో ఏది ఎక్కువైతే అది. గుండెకు తగిలి ఉంటే ఇంకా ఎక్కువ కాలం. ఆరు నెలలు వేయించి బాగైందని మానేసేవాళ్లే ఎక్కువ, రెండోసారి జ్వరం వచ్చినప్పుడే కవాటాలు పాడవుతాయి. పోటీలు, పరీక్షలు, పెళ్లిళ్లు ఏవున్నా సూది తేదీ తప్పొద్దు. కోచ్‌కు కూడా ఈ సంగతి చెప్పి ఉంచండి. ప్రాక్టీస్‌లో ఆయాసం, గుండెదడ, కళ్లు తిరగడం ఉంటే ఆ రోజే ఆపాలి.

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేనేళ్లు. నిఖత్ జరీన్‌ను చూసి బాక్సింగ్, ఇప్పుడు ఎంఎంఏ అంటున్నది. మా దగ్గర కొత్తగా ఒక జిమ్ పెట్టిండ్రు. మంచిదో కాదో ఎట్ల తెలుసుకోవాలె?
– ప్రైవేటు ఉద్యోగి, జగిత్యాల

జవాబు: నిజామాబాద్ అమ్మాయి నిఖత్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయింది బాక్సింగ్ ఒక్కదాన్నే పట్టుకుని. ఎంఎంఏలో కూడా దారి మూసుకుపోలేదు. 2024 జూన్‌లో పూజా తోమర్ యూఎఫ్‌సీలో గెలిచిన తొలి భారతీయ మహిళ, ఓడించింది బ్రెజిల్ అమ్మాయినే. పదిహేనేళ్లకు మా సలహా: రెండేళ్లు ఒకటే ఆట, బాక్సింగ్ కానీ జూడో కానీ కుస్తీ కానీ. మూడూ కలిపి మొదలుపెట్టినవాళ్లకు మూడూ అరకొరే వస్తాయి. కుస్తీకి మన పాత తాలీంలు ఇప్పటికీ పనికొస్తాయి, ఉస్తాద్ పద్ధతైనవాడైతే చాలు.

జిమ్‌కు ప్రాక్టీస్ నడుస్తున్న సమయంలో వెళ్లండి, చెప్పి వెళ్లొద్దు. మ్యాట్ 4 సెంటీమీటర్ల మందం ఉండాలి, ముక్కల మధ్య సందులుంటే కాలివేళ్లు ఇరికి విరుగుతాయి. ఒక్కో జంటకు కనీసం 2 మీటర్ల పొడవు, వెడల్పు చోటు ఉండాలి. గోడలకు మెత్త ఉండాలి. చెప్పులతో మ్యాట్ ఎక్కనిస్తుంటే అక్కడి నుంచే వెనక్కి వచ్చేయండి. వానాకాలం తామర ఒకరికి వస్తే వారంలో అందరికీ అంటుకుంటుంది. ప్రాక్టీస్ అయ్యాక రోజూ 10 లీటర్ల నీళ్లలో 100 మిల్లీలీటర్ల బ్లీచ్ ద్రావణం కలిపి తుడిచి, పది నిమిషాలు ఆరనివ్వాలి. ఎవరికైనా ఒంటి మీద మచ్చ ఉంటే ఇంటికి పంపుతున్నారా అని అడగండి.

స్పారింగ్ (ఎదురెదురుగా కొట్టుకునే ప్రాక్టీస్) మొదటి వారమే పెట్టేవాడు కోచ్ కాదు. కనీసం మూడు నెలలు అడుగులు, కాపు, పడటం నేర్పాలి. స్పారింగ్‌కు 16 ఔన్సుల గ్లవ్స్, హెడ్‌గార్డ్, షిన్‌గార్డ్, వేడినీళ్లలో ముంచి పళ్లకు అచ్చు తీసుకునే మౌత్‌గార్డ్ ఉండాలి. పోటీల్లో కనిపించే 4 ఔన్సుల గ్లవ్స్‌తో స్పారింగ్ చేయిస్తుంటే ఆ జిమ్ వద్దు. తలకు గట్టి దెబ్బ తగిలినవాణ్ని అదే రోజు మళ్లీ ఆడిస్తున్నారా అన్నది చూడండి, అన్నిటికంటే ముందు చూడాల్సింది అదే. ఆడపిల్లల కోసం వేరే సమయం లేకపోయినా ఫర్వాలేదు, కనీసం ఇంకో ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు, తలుపు గడియ పడే బట్టలు మార్చుకునే గది ఉండాలి.

ప్రశ్న: ఈ పోటీలు మనకు ఎప్పుడు వస్తయి?
– ఆటో డ్రైవర్, పరకాల

జవాబు: అమెరికాలో శనివారం రాత్రి జరిగేవి మనకు ఆదివారం పొద్దున. అబుదాబిలో జరిగితే సాయంత్రం, రాత్రి. పెద్ద పోటీ చివరన వస్తుంది, ముందరివి త్వరగా ముగిస్తే అదీ ముందుకు జరుగుతుంది.

ప్రశ్న: ప్రాక్టీస్‌లో చెవి మెలిపడి నీరు పట్టినట్టు ఉబ్బింది. ఫైటర్ల చెవుల్లా గట్టిపడుతుందా? దోస్తు సూదితో తీసేస్తనంటున్నడు.
– జిమ్ సభ్యుడు, సిరిసిల్ల

జవాబు: దోస్తును దూరంగా ఉంచండి. లోపల ఉన్నది నీరు కాదు, మృదులాస్థికి (చెవిలోని మెత్తటి ఎముకకు), దాన్ని కప్పి ఉండే పొరకు మధ్య చేరిన నెత్తురు. అది గడ్డకట్టి అలాగే ఉంటే మృదులాస్థికి పోషణ అందదు, ముడతలు పడి శాశ్వతంగా గట్టిపడుతుంది. మెత్తగా ఉన్న మొదటి రెండు మూడు రోజుల్లోనే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. వారం దాటితే తీయడం కష్టం. శుభ్రం లేని సూది గుచ్చితే మృదులాస్థి చీము పడుతుంది, అప్పుడు చెవి ఆకారమే పోతుంది. తీశాక మళ్లీ నిండకుండా రెండువైపులా ఒత్తిడి కట్టు వేస్తారు, ఇంచుమించు వారం ఉంచాలి. ఊరికే తీసి వదిలేస్తే తెల్లారేసరికి మళ్లీ నిండుతుంది. పట్టు ప్రాక్టీస్ రెండు వారాలు ఆపండి, ఆ తర్వాత చెవులకు కవచం వేసుకునే మ్యాట్ ఎక్కండి.